లెక్క వేసేవాడికి ఆ లెక్కతో లాభం ఉండకూడదు

(జాతీయ గణాంక దినోత్సవం నాడు డిగ్రీ విద్యార్థులను, మండల స్థాయి గణాంక సిబ్బందిని ఉద్దేశించి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

జూన్ 29 ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారి పుట్టినరోజు. 2007 నుంచి ఈ రోజును గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిందీ, 1950లో జాతీయ నమూనా సర్వే మొదలవడానికి కారణమైందీ ఆయనే. అదంతా మీ పాఠాల్లో ఉంది, నేను మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో మనవాడు ఒకరు ఉండేవారు, సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చదివి 1941లో కలకత్తా చేరారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి ప్రకటించేనాటికి ఆయన వయసు 102 ఏళ్లు. ఆ రావుగారు చెప్పిన ఒక సంగతితో మొదలుపెడతాను.

1947. దేశ విభజన అల్లర్లతో ఢిల్లీ అట్టుడుకుతోంది. ప్రాణభయంతో మైనారిటీ కుటుంబాలు ఎర్రకోటలోకి వెళ్లి తలదాచుకున్నాయి. వాళ్లకు తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది, ఆ పనిని కాంట్రాక్టర్లకు అప్పగించారు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు, లోపలికి వెళ్లి లెక్కపెట్టే పరిస్థితి లేదు. కాంట్రాక్టర్ ఇన్ని బస్తాల బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు అని బిల్లు రాస్తున్నాడు, ఖజానా చెల్లిస్తోంది. ఖర్చు పెరిగిపోతుంటే, లోపల ఎంతమంది ఉన్నారో తేల్చమని గణాంకవేత్తలను అడిగారు.

వాళ్ల చేతిలో ఉన్నవి ఆ బిల్లులే. ఒక మనిషి రోజుకు ఎంత బియ్యం తింటాడో, ఎంత పప్పు తింటాడో, ఎంత ఉప్పు వాడతాడో కుటుంబ సర్వేల వల్ల తెలుసు. బియ్యం బిల్లును దాంతో భాగిస్తే ఒక సంఖ్య వచ్చింది. పప్పుతో భాగిస్తే అంతకంటే తక్కువ వచ్చింది. ఉప్పుతో భాగిస్తే అన్నిటికంటే తక్కువ. మూడూ ఒకే కోటలో, అదే జనానికి వేసిన లెక్కలు. వాళ్లు ఉప్పు లెక్కనే తీసుకున్నారు. ఎందుకంటే అప్పట్లో బియ్యం ఖరీదైనది, ఉప్పు బాగా చవక. ఉప్పు బిల్లు ఎక్కువ రాసుకుంటే కాంట్రాక్టర్‌కు మిగిలేది ఏమీ ఉండదు. ఈ ఉపాయం జె.ఎం. సేన్‌గుప్తా గారిదని రావుగారు చెప్పారు.

ఇందులో కఠినమైన గణితం ఏమీ లేదు, భాగహారం ఒక్కటే. వాళ్ల తెలివంతా ఒక ప్రశ్నలో ఉంది: ఈ అంకె పెరిగితే ఎవరికి లాభం? తగ్గితే ఎవరికి లాభం? ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దేశం తీసుకునే నిర్ణయాలకు ఆధారమైన ప్రతి అంకె వెనకా ఎవరో ఒకరి లాభనష్టాలు ఉంటాయి. అవి ఆ అంకెను తాకకుండా కాపాడడానికే ఇంత వ్యవస్థ పెట్టుకున్నాం.

ఇక్కడున్న మండల సిబ్బందికి బాగా తెలిసిన పనినే తీసుకుందాం, పంట కోత ప్రయోగం. విద్యార్థుల్లో చాలామంది దీన్ని చూసి ఉండరు. దేశంలో వరి దిగుబడి ఇంత, కోట్ల టన్నుల్లో ఇంత అని పేపర్లో వచ్చే అంకె ఎక్కడ పుడుతుందో తెలుసా? ఒక చేలో, నాలుగు మేకుల మధ్య పుడుతుంది. ముందు ఊరిని, తర్వాత సర్వే నంబరును, ఆ తర్వాత చేనును యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం, అంటే చీటీ తీసినట్టు వచ్చే అంకెల ప్రకారం ఎంచుతారు. చేనుకు వెళ్లాక నైరుతి మూలన నిలబడి, ఇన్ని అడుగులు పొడవు వెంట, ఇన్ని అడుగులు వెడల్పు వెంట అని మళ్లీ యాదృచ్ఛిక సంఖ్య చెప్పినట్టే నడవాలి. ఆగిన చోట మేకు దిగ్గొట్టి, వరికైతే 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పుతో చదరం గీసి తాడు కట్టాలి. ఆ తాడు లోపలి పంటను మాత్రమే కోసి, కొట్టి, తూర్పారబట్టి, తూచాలి. కొంత గింజను ఎండబెట్టి మళ్లీ తూచి తేమ ఎంత పోయిందో కూడా రాయాలి.

ఆ చదరం విస్తీర్ణం 25 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో 400వ వంతు. అందులో 10 కిలోలు వస్తే హెక్టారుకు 4,000 కిలోలు. ఒక్క కిలో తప్పు తూస్తే హెక్టారుకు 400 కిలోలు, ఎకరానికి సుమారు 160 కిలోలు తప్పు పోతుంది. ఇంత సున్నితమైన పని అది. ఆ మేకు దిగ్గొట్టాల్సిన చోట పంట పడిపోయి ఉందనుకోండి, లేదా బురదగా ఉందనుకోండి. నాలుగడుగులు పక్కకు జరిపితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. అలా జరిపిన క్షణంలోనే ఆ ప్రయోగం ప్రయోగం కాకుండా పోతుంది. పడిపోయిన పంట కూడా దేశం పంటే కదా. దాన్ని తప్పించి కోసినవాడు, ఈ ఏడు పంట పడిపోలేదని రాసినట్టే.

ఇప్పుడు ఆ చేను గట్టు మీద ఎవరెవరు నిలబడతారో చూడండి. పంటల బీమా పరిహారం ఈ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. దిగుబడి తక్కువ తేలితే రైతుకు పరిహారం వస్తుంది. అదే ఎక్కువ తేలితే బీమా కంపెనీకి డబ్బు మిగులుతుంది, కాబట్టి కంపెనీ మనిషి కూడా వచ్చి చూస్తాడు. మా శాఖ లక్ష్యం చేరిందని చెప్పుకోవడానికి ఎక్కువ దిగుబడి కావాలనుకునే అధికారీ ఉండవచ్చు. వీళ్లందరి మధ్యా కాటా పట్టుకుని నిలబడిన చిన్న ఉద్యోగి ఒక్కడికే ఆ అంకెతో ఏ లాభమూ ఉండకూడదు.

రైతు కష్టం చూసి జాలిపడి తగ్గించి రాయడం మంచితనమే కదా అని నన్ను చాలామంది అడిగారు. వాళ్ల మనసు నాకు అర్థమవుతుంది. కానీ కేంద్ర పంటల బీమా పథకమైన ఫసల్ బీమాలో, దిగుబడి ఎంతకు తగ్గితే పరిహారం ఇవ్వాలన్న గీత గీసేది గత 7 ఏళ్లలో మెరుగైన 5 ఏళ్ల సగటు దిగుబడిని బట్టి. ఏటా తగ్గించి రాస్తూ పోతే ఆ సగటే దిగజారుతుంది. నిజంగా పంట పోయిన సంవత్సరం వచ్చేసరికి, ఈ ఊళ్లో మామూలుగానే ఇంతే పండుతుంది కదా అని రికార్డు చెబుతుంది. జాలితో రాసిన తప్పు లెక్క ఆ రైతుకే ఎదురు తిరుగుతుంది.

ఇంకో మాట. తాడు కట్టిన చేనులో అసలు సాగు చేసింది ఎవరు? అడంగల్‌లోనో పహాణీలోనో భూమి ఉన్నవాడి పేరు ఉంటుంది. గోదావరి జిల్లాల్లో, కృష్ణా డెల్టాలో ఆ చేను దున్నింది కౌలు రైతు కావచ్చు. కౌలు రాస్తే హక్కు పోతుందేమోనని యజమాని భయపడతాడు. రాయించుకుంటే వచ్చే ఏడాది పొలం ఇవ్వడేమోనని కౌలుదారూ భయపడతాడు. ఇద్దరి భయం వల్ల లెక్కలో మనిషే మాయమవుతాడు. బ్యాంకు అప్పు, బీమా, నష్టపరిహారం ఆ కనిపించని మనిషి దాకా రావు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలు కార్డులిచ్చినా యజమాని సంతకం అవసరం కావడంతో ఆ భయం పోలేదు. ఈ చిక్కును గణాంక శాఖ ఒక్కటే విప్పలేదు. అయినా ఈ చిక్కు ఉందని దేశానికి చెప్పాల్సింది గణాంక శాఖే.

పైవాళ్ల మెప్పు కోసం కింద అంకెలు పెంచితే ఎంత దూరం పోతుందో చైనా అనుభవం చెబుతుంది. 1958లో అక్కడ ధాన్యం దిగుబడి 37.5 కోట్ల టన్నులని ప్రకటించారు. తర్వాత సరిచూస్తే అది 20 కోట్ల టన్నులు. కమ్యూన్ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వెళ్లేకొద్దీ ప్రతి అధికారీ కొంత కలిపాడు. లేని పంటను ఉందనుకుని ప్రభుత్వం ఊళ్లనుంచి ధాన్యం సేకరించింది, ఎగుమతి కూడా చేసింది. తర్వాతి మూడేళ్లలో కోట్లమంది ఆకలితో చనిపోయారు. అప్పటికే అక్కడి గణాంక వ్యవస్థను పార్టీ ప్రచారానికి లొంగదీశారు. నిజం చెప్పగలిగిన మనుషులు ఉండి కూడా చెప్పే చోటు లేకుండా పోయింది.

మన దేశం ఈ విషయంలో కొన్ని గొప్ప పనులు చేసింది, వాటిని గర్వంగా చెప్పుకోవాలి. నమూనా నమోదు వ్యవస్థ, ఎస్ఆర్ఎస్ అంటారు, అందులో ఒకటి. ఎంపిక చేసిన ఊళ్లలో, వార్డుల్లో ఒక స్థానిక వ్యక్తి జననాలు, మరణాలు ఎప్పటికప్పుడు రాస్తుంటాడు. ఆరు నెలలకోసారి బయటినుంచి వేరే సూపర్‌వైజర్ వచ్చి, మొదటివాడు రాసింది చూడకుండా, ఇంటింటికీ తిరిగి సొంతంగా రాస్తాడు. తర్వాత రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివాటి కోసం మళ్లీ ఆ ఇంటికి వెళ్తారు. ఎవరినీ నమ్మకపోవడం కాదు ఇది. మనిషన్నాక మరిచిపోతాడని ఒప్పుకుని, ఆ మరుపుకు మందు ముందే వేసిపెట్టడం. 80 లక్షలకు పైగా జనాభాను ఇలా ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. ప్రసూతి మరణాలు లక్ష సజీవ జననాలకు 2014-16లో 130 ఉంటే 2018-20కి 97కు దిగాయని మనం నమ్మకంగా చెప్పగలుగుతున్నామంటే దీనివల్లే. ఏ రాష్ట్రంలో తల్లులు ఎక్కువగా పోతున్నారో, అంబులెన్సులు, డాక్టర్లు ఎక్కడ ముందు కావాలో ఇది చెబుతుంది.

అదే దేశంలో, కరోనా కాలంలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. పుట్టుకలు, చావుల నమోదుకు 1969 నుంచే చట్టం ఉంది. నమోదైన మరణాలు 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 1.02 కోట్లు. ఒక్క ఏడాదిలో 20 లక్షలకు పైగా పెరుగుదల. ఈ 2021 నివేదిక బయటికొచ్చింది 2025 మే నెలలో. రెండో అల ఊళ్లను ఊడ్చేస్తున్నప్పుడు ఆక్సిజన్ ఎక్కడికి పంపాలో, ఏ జిల్లాలో మరణాలు మామూలు కంటే ఎన్ని రెట్లు పెరిగాయో తెలియాల్సిన వాళ్ల దగ్గర ఈ అంకె లేదు. పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో రిజిస్టర్లు ఉన్నాయి. అందులో పేర్లు రాస్తూనే ఉన్నారు. వాటిని కూడి, సమయానికి ముందు పెట్టే ఏర్పాటు మాత్రం లేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన నిజమైన అంకె చరిత్రకారుడికి పనికొస్తుంది, కలెక్టరుకు పనికిరాదు. పైగా 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మన జనం దేనివల్ల చనిపోతున్నారో నాలుగింట మూడు వంతులకు పైగా మనకు తెలియదు.

ఇక జనగణన. 1881 నుంచి 2011 దాకా పదేళ్లకోసారి తప్పకుండా జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1941లో కూడా ఆగలేదు. 2021లో ఆగింది. కరోనా మొదట ఆపింది సరే, తర్వాత కూడా వాయిదా పడుతూ వచ్చింది. ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. కులాల వివరాలు కూడా ఇందులో సేకరిస్తారు.

మన రెండు రాష్ట్రాలకు ఈ ఆలస్యం మిగతావాళ్ల కంటే ఎక్కువ తగిలింది. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 23 జిల్లాలు, 8.46 కోట్ల జనం. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అక్కడ 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఈ రెండు రాష్ట్రాలకూ విడిపోయాక సొంత జనగణన ఇంతవరకూ లేదు. పాత అంకెలను కొత్త సరిహద్దుల ప్రకారం ముక్కలు చేసి పంచుకుని వాడుకుంటున్నాం. హైదరాబాద్ శివారులో 2011 నాటికి పంచాయతీగా ఉన్న కోకాపేటను ఇప్పుడు వెళ్లి చూడండి. ఆనాటి జనాభాను బట్టి అక్కడ నీళ్ల పైపులు, బస్సులు, బడులు లెక్కవేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. తెలంగాణ 2014 ఆగస్టు 19న ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే చేసింది, 2024లో కుల సర్వే చేసింది. రాష్ట్రాలు ఇలా సొంత లెక్కలకు దిగడంలోనే జాతీయ లెక్క కోసం ఎంత ఆకలి ఉందో తెలుస్తుంది.

రేషన్ విషయం చూడండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనానికి హక్కు ఉంది. ఎవరిలో 75 శాతం? ప్రచురించిన తాజా జనగణనలో. అంటే 2011లో. అలా వచ్చిన పరిమితి 81.35 కోట్ల మంది, అప్పటి జనాభాలో సుమారు 67 శాతం. ఇవాళ దేశ జనాభాను 140 కోట్లే అనుకున్నా 67 శాతం అంటే 93 కోట్లు దాటుతుంది. 12 కోట్ల మంది దాకా చట్టం ఇచ్చిన హక్కు లెక్క పాతదైనందువల్ల అందకుండా ఉంది. మన రెండు రాష్ట్రాలూ కేంద్ర పరిమితికి మించి సొంత డబ్బుతో కార్డులిస్తున్నాయి. ఆ స్తోమత లేని రాష్ట్రాల్లో కొత్తగా పెళ్లయిన జంట కార్డుకు అప్లై చేస్తే, పాత కార్డు ఒకటి రద్దయ్యే దాకా ఆగమంటారు. వాళ్లు అర్హులు కారని ఎవరూ అనలేదు. వాళ్లు లెక్కలో పుట్టలేదు, అంతే.

ధరల సూచీకీ ఈ జబ్బు తగిలింది. రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు పెంచాలా వద్దా అని చూసేది వినియోగదారుల ధరల సూచీని, అంటే కుటుంబాలు కొనే సరుకుల ధరలు ఎంత మారాయో చెప్పే అంకెను. 2012 ఆధారంగా వచ్చిన సూచీలో తిండి, పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. ఆ వాటాలు 2011-12 కుటుంబ ఖర్చుల సర్వే నుంచి తీసుకున్నవి. ఆ తర్వాతి సర్వే 2017-18లో జరిగింది. నాణ్యత సరిగా లేదని చెప్పి ప్రభుత్వం 2019లో దాని ఫలితాలు విడుదల చేయకూడదని నిర్ణయించింది. 2022-23 సర్వే వచ్చేసరికి పల్లె కుటుంబం ఖర్చులో తిండి వాటా సుమారు 53 నుంచి 46 శాతానికి దిగిందని తేలింది. అంటే ఏళ్ల తరబడి టమాటా ధర పెరిగినప్పుడల్లా సూచీ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఎగిరింది. మీ నాన్నగారు కట్టే ఇంటి లోను వాయిదాకూ ఆ సూచీకీ సంబంధం ఉంది. ఒక సర్వేలో లోపం ఉంటే, ఆ లోపాన్ని రాసి మరీ ఫలితం బయటపెట్టాలి. పరిశోధకులు చూస్తారు, తప్పుపడతారు, తర్వాతి సర్వే మెరుగవుతుంది. దాచిపెట్టిన అంకె మీద జనం తమకు తోచిన అనుమానాలన్నీ పెట్టుకుంటారు, తర్వాత వచ్చే మంచి అంకెను కూడా నమ్మరు.

2019 జనవరిలో, ప్రభుత్వ గణాంకాలను పర్యవేక్షించే జాతీయ గణాంక సంఘం నుంచి తాత్కాలిక అధ్యక్షుడు పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. సంఘం ఆమోదించిన ఉపాధి సర్వే నివేదిక విడుదల కాకపోవడం అందుకు ఒక కారణమని వాళ్లే చెప్పారు. ఆ నివేదిక మే 31న, ఎన్నికలు అయ్యాక వచ్చింది. నిరుద్యోగం 6.1 శాతం. ఆ అంకె ఎక్కువా తక్కువా అన్నది నా వాదన కాదు. నివేదిక ఏ తేదీన రావాలన్నది ముందే క్యాలెండర్‌లో రాసి ఉండాలి, ఆ తేదీని ఎవరూ మార్చలేకుండా ఉండాలి. గణాంక వ్యవస్థను పరిశీలించిన రంగరాజన్ కమిషన్ 2001లోనే గణాంక సంఘానికి చట్టబద్ధత ఇవ్వాలని సిఫారసు చేసింది. ప్రభుత్వ తీర్మానంతోనే అది 2006లో ఏర్పడింది. ఎన్నికల సంఘానికీ, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్‌కూ రాజ్యాంగం రక్షణ ఇచ్చింది. గణాంక సంఘానికి కనీసం పార్లమెంటు చట్టమైనా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఇదే మాట చెబుతాను.

(ప్రసంగం ముగిశాక ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న: “సార్, ఇప్పుడు జీఎస్టీ లెక్కలున్నాయి, యూపీఐ ఉంది, అన్నీ కంప్యూటర్లోనే తెలుస్తున్నాయి. ఇంకా ఇంటింటికీ తిరిగి అడగడం అవసరమా?”)

మంచి ప్రశ్న అమ్మా. అవన్నీ వాడుకోవాలి, వాడుతున్నారు కూడా. అయితే సరుకులు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ చాలా రాష్ట్రాల్లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నిజామాబాద్‌లోనో జగిత్యాలలోనో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే తల్లి ఆ కంప్యూటర్లో ఎక్కడా కనిపించదు. ఆమె ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. ఇలాంటి చిన్న వ్యాపారాలు, ఇంటి దగ్గరే సంపాదన కోసం చేసే పనుల మీద 2015-16లో సర్వే జరిగింది. అప్పుడు అందులో పనిచేస్తున్నవాళ్లు 11.13 కోట్ల మంది. ఆ తర్వాత 2016 నవంబరులో నోట్ల రద్దు, 2017 జూలైలో జీఎస్టీ, 2020లో లాక్‌డౌన్. మళ్లీ సర్వే 2021-22లో జరిగింది, 9.79 కోట్ల మంది మిగిలారు. కోటి ముప్ఫై లక్షలకు పైగా తగ్గారు. ఈ మూడు దెబ్బల్లో దేనివల్ల ఎంతమంది పని పోయిందో విడదీసి చెప్పే సర్వే మధ్యలో ఒక్కటీ లేదు. ఆ ఏళ్లలో స్థూల దేశీయోత్పత్తిలో ఈ రంగం వాటాను చాలావరకు పెద్ద కంపెనీల పోకడను బట్టి అంచనా కట్టారు. పెద్ద కంపెనీ పెరుగుతుంటే పక్కనున్న చిన్న కొట్టు కూడా పెరుగుతోందనే లెక్క అది. నోట్ల రద్దు తర్వాత ఆ రెండూ ఒకే దారిన నడిచాయనుకోవడానికి ఆధారం లేదు. 2022-23లో ఆ సంఖ్య 10.96 కోట్లకు వచ్చింది. ఇప్పుడు ఆ సర్వే ఏటా జరుగుతోంది, 2025 నుంచి మూడు నెలలకోసారి అంచనాలు కూడా వస్తున్నాయి. ఆ ఫలితాలు మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ ప్రాజెక్టు పనికి వాటిలో మన రెండు రాష్ట్రాల పట్టికలు తీసుకుని, 2015-16తో పోల్చి చూడండి. చేసి నాకు పంపితే నేను చదువుతాను.